నడుం దగ్గర నరాల దారి ఇరుకైందని ఆపరేషన్ అన్నారు, నాన్న ఎంతవరకు కోలుకుంటారో ముందే తెలుస్తుందా?

గాజువాక_అమ్మాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా నాన్నగారికి 67. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. సుగర్ పన్నెండేళ్ళ నుంచి ఉంది, మాత్రలతోనే నడుస్తోంది. రెండేళ్ళ కింద నడుస్తుంటే పిక్కలు లాగేస్తున్నాయి, కాళ్ళు బరువెక్కిపోతున్నాయి అనేవారు, సుగర్ తిమ్మిర్లే అనుకుని బీ12 విటమిన్ బిళ్ళలు వేసుకుంటూ ఏడాది పైన గడిపేశాం. ఇప్పుడు వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళాలంటే మధ్యలో రెండు సార్లు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. కూర్చుంటే రెండు నిమిషాల్లో మామూలైపోతారు, లేచి నడిస్తే మళ్ళీ అదే. విచిత్రం ఏంటంటే సైకిల్ మాత్రం ఎంత దూరమైనా తొక్కేస్తారు, అందుకే ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

ఎమ్మారైలో నడుం దిగువ వెన్నుపూసలు ఎల్4-ఎల్5 దగ్గర బాగా ఇరుకైపోయింది, ఎల్3-ఎల్4 దగ్గర ఓ మాదిరిగా ఉంది అని రాశారు. ఇద్దరు డాక్టర్లకి చూపించాం. ఒకాయన నరాల మీద ఒత్తిడి తీసేస్తే చాలు అన్నారు, ఇంకొకాయన స్క్రూలు కూడా వేయాలి, లేట్ చేస్తే కాళ్ళు పడిపోతాయి అన్నారు. "ఎంతవరకు బాగవుతుంది సార్" అని అడిగితే ఇద్దరూ డెబ్భై ఎనభై శాతం అన్నారు. నాకు అర్థం కానిది అదే. నాన్న నొప్పిలో డెబ్భై శాతం తగ్గుతుందనా, వందలో డెబ్భై మందికి పూర్తిగా తగ్గుతుందనా? ఆ డెబ్భైలో మా నాన్న ఉంటారో ముప్ఫైలో ఉంటారో చెప్పే మార్గం ఏదైనా ఉందా? మా పక్కింటాయన ఇదే ఆపరేషన్ చేయించుకుని ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నారు, అమ్మ రోజూ ఆయన్ని చూసి వద్దంటే వద్దంటోంది.

నాన్నకి ఒకటే కోరిక. ప్రతి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవారు, ముప్ఫై రెండు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా. కిందటిసారి హనుమంతవాక దగ్గర ఫుట్‌పాత్ మీద కూలబడిపోయారు, తమ్ముడు వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఆ మాటే ఎత్తట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

శ్రీకాకుళం_బాబు:

ఏటమ్మా అంత బెంగెట్టేసుకుంటన్నారు. మా మావయ్యకి ఇదే అయింది, మర్నాడే నడిపించీసారు, పన్నెండో రోజుకి కుట్లు తీసీసారు, ఇప్పుడు పొలం గట్ల మీద తిరిగేస్తన్నాడు. స్క్రూలు గట్రా ఏం వెయ్యలేదు. మంచి డాక్టర్ని చూసుకుని చేయించీయండి.

నడక_ఫిజియో:

నేను ఎంవీపీ కాలనీలో ఫిజియోథెరపీ చేస్తానండి, ఈ సమస్యతో వచ్చేవాళ్ళని రోజూ చూస్తుంటాను. డాక్టర్‌ని కాదు, ఆపరేషన్ చేయించాలా వద్దా అనేది నేను చెప్పకూడదు, కానీ ఎవరు ఎలా కోలుకుంటారు అనేది దగ్గరుండి చూసే పని నాది కాబట్టి ఆ సంగతి వరకు రాస్తా.

ముందుగా ఆ కాళ్ళు పడిపోతాయి అన్న మాట. ఈ జబ్బులో హఠాత్తుగా కాళ్ళు చచ్చుబడటం చాలా అరుదు. చాలామంది ఏళ్ళ తరబడి ఇంచుమించు అలాగే ఉంటారు, కొందరికి కొంచెం తగ్గుతుంది, కొందరికి మెల్లగా పెరుగుతుంది. అయితే మూత్రం ఆగిపోవడం లేదా తెలీకుండా పడిపోవడం, మలవిసర్జన మీద పట్టు పోవడం, కూర్చునే చోట స్పర్శ తెలీకపోవడం, పాదం ముందు భాగం పైకి లేవకుండా వేలాడిపోవడం, వీటిలో ఏదొచ్చినా రాత్రి పన్నెండైనా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా చూడకూడదు. ఇవేవీ లేకపోతే మీకు ఆలోచించుకోవడానికి టైం ఉందండి. భయపడి సంతకం పెట్టక్కర్లేదు.

ఇంక మీ అసలు ప్రశ్న. నేనైతే ఎమ్మారై కన్నా ముందు కాళ్ళు చూస్తాను. ఎందుకంటే ఫిల్మ్‌లో ఎంత ఇరుకుగా కనిపిస్తే అంత నొప్పి ఉండాలని ఏం లేదు, అరవై దాటిన చాలామందికి ఊరికే తీసినా ఎంతో కొంత ఇరుకు కనిపిస్తుంది. లోపల జరిగేదేంటంటే వయసుతో పాటు డిస్క్ కుంగుతుంది, వెనకాల కీళ్ళు లావెక్కుతాయి, ఎముకల్ని కలిపే పసుపు రంగు లిగమెంట్ ఒకటి ఉంటుంది అది మందంగా తయారై లోపలికి ముడతపడుతుంది, మూడు వైపుల నుంచీ నరాల మీదకి వస్తాయి. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, ముందుకి వంగితే కాస్త తెరుచుకుంటుంది. మీ నాన్నగారు సైకిల్ తొక్కగలగడం విచిత్రం కాదండి, హ్యాండిల్ మీదకి వంగుతారు కాబట్టి అక్కడ నరాలకి ఊపిరాడుతుంది. మన ఊళ్ళో నేను అందరినీ అడిగే ప్రశ్న, కైలాసగిరి రోడ్డు ఎక్కడం కష్టమా దిగడం కష్టమా అని. దిగడం కష్టం అంటే నడుం దగ్గర నరాల మీద అనుమానం పెరుగుతుంది, ఎక్కడం కష్టం, ఆగి నిలబడితేనే తగ్గిపోతుంది, కూర్చోనక్కర్లేదు అంటే కాళ్ళ రక్తనాళాలు చూపించమంటాను. సుగర్ ఉంది కాబట్టి మీరు ఇది తప్పకుండా తేల్చుకోవాలి. పాదం మీద నాడి కొట్టుకుంటోందా లేదా అని డాక్టర్ వేలు పెట్టి చూస్తారు, అనుమానముంటే రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ రాస్తారు.

ఇంకొకటి కూడా తేల్చాలి. నడిచినప్పుడు పిక్కలు లాగడం వేరు, రాత్రి పడుకున్నా అరికాళ్ళు మంటలు పుట్టడం వేరు. రెండోది సుగర్ వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు, దానికి నడుం మీద ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా ఉపయోగం లేదు. నా దగ్గరికి ఆపరేషన్ తర్వాత వచ్చి "ఏం తగ్గలేదండి" అనే వాళ్ళని కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు తగ్గాల్సింది తగ్గే ఉంటుంది, తగ్గనిది అసలు ఆ ఆపరేషన్‌ది కాదు. మోకాళ్ళ అరుగుదల కూడా అంతే.

నేను చూసినంతలో తొందరగా తగ్గేది కాలు లాగడం. నడుం నొప్పి అంతగా తగ్గదు, కొందరికి అలాగే ఉంటుంది. తిమ్మిరి, మొద్దుబారడం చాలా నెమ్మది, నెలలు పడుతుంది, ఎక్కువ కాలం నొక్కుకుపోయిన నరమైతే కొంత శాశ్వతంగా ఉండిపోవచ్చు. కాబట్టి మీ నాన్నగారిని "ఈ మూడింట్లో నిన్ను ఎక్కువ బాధపెట్టేది ఏది నాన్నా" అని అడగండి. కాలు అంటే ఆశ ఎక్కువ పెట్టుకోవచ్చు. నడుమే అంటే ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

ఇవాళ్టి నుంచి ఒక పని చేయండి. రోజూ ఒకే టైంకి, ఒకే చెప్పులతో, ఒకే రోడ్డు మీద నడిపించి కూర్చోవాల్సి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో నోట్‌బుక్‌లో రాయండి, రెండు వారాలు. అది లేకపోతే ఆపరేషన్ తర్వాత ఎంత మార్పొచ్చిందో ఎవరూ చెప్పలేరు, మనిషి పాత నొప్పి మర్చిపోతాడు.

అనకాపల్లి_బెల్లం:

పైన ఫిజియో గారు రాసింది చదువుతుంటే మా అమ్మ గురించే రాశారా అనిపించింది. అమ్మకి 71, నాలుగేళ్ళ క్రితం ఇదే ఆపరేషన్. అప్పటికి ఐదేళ్ళ నుంచి నరకం పడుతోంది, మేమే ఆలస్యం చేశాం, నాటు కట్లు, తైలాలు, నడుం ఇంజెక్షన్లు అన్నీ తిప్పాం. ఆపరేషన్ అయ్యాక కాళ్ళ లాగుడు వారంలో పోయింది, నిజంగా పోయింది, గుడికి నడిచెళ్ళింది. కానీ కుడి పాదం మొద్దు ఇప్పటికీ అలాగే ఉంది, చెప్పు జారిపోయినా తెలీదు, ఒకసారి బాత్రూంలో పడింది కూడా. ఎవరైనా ఆపరేషన్ సక్సెస్సా అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదండి. డాక్టర్ గారి లెక్కలో సక్సెస్. అమ్మ లెక్కలో సగం.

మీకు చెప్పేది ఒకటే, మొద్దు గురించి ముందే గట్టిగా అడగండి. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముందే తెలిసుంటే అమ్మ అంత నీరసపడిపోయేది కాదు.

లెక్కల_సీతమ్మధార:

నేను బయోస్టాటిస్టిక్స్ చదివాను, ఆస్పత్రి డేటా మీద పనిచేస్తాను. డెబ్భై శాతం అంటే ఏంటి అన్నారు కదా, ఈ ప్రశ్న ప్రతి పేషెంటూ అడగాలి, అడిగేవాళ్ళు తక్కువ.

ఆ డెబ్భై అనేది ఒక గుంపు గురించి చెప్పే మాట. ఇలాంటి మనుషులు వందమందికి చేస్తే సుమారు డెబ్భై మంది "ముందు కన్నా బాగుంది" అన్నారు అని. బాగుండటం అంటే కొంచెం బాగుండటమూ అందులోనే, పూర్తిగా తగ్గడమూ అందులోనే. ఒక్క మనిషి విషయంలో మాత్రం ఎంత మంచి ఫార్ములా పెట్టినా కచ్చితంగా చెప్పలేరు. కానీ వంద మందిని ఇంకా మీ నాన్నగారికి దగ్గరగా ఉండే వందమందిగా మార్చుకోవచ్చు, ఇదే వయసు, ఇదే సుగర్, ఇంతే నడక, ఇన్నేళ్ళ బాధ ఉన్న వందమంది. అంచనా వేయడం అంటే అదే.

స్వీడన్‌లో ఈ పని చాలా శ్రద్ధగా చేశారు. వెన్ను ఆపరేషన్ చేయించుకునేవాళ్ళ చేత ముందు ఒక ప్రశ్నాపత్రం, ఏడాది తర్వాత మళ్ళీ అదే పత్రం నింపించి దేశం మొత్తానికి ఒక రిజిస్ట్రీ పెట్టుకున్నారు, స్వేస్పైన్ అంటారు. ఆ సమాచారంతోనే, పేషెంట్ వివరాలు వేస్తే మీలాంటివాళ్ళు ఎలా కోలుకున్నారో చూపించే సాధనం తయారుచేసి డాక్టర్ గదిలో వాడుతున్నారు. దాన్ని యథాతథంగా తెచ్చి గాజువాక మనిషికి పెట్టేస్తే మాత్రం నేను ఒప్పుకోను. మనవాళ్ళు పీట మీద కూర్చుంటారు, నేల మీద బాసింపట్టు వేస్తారు, చాలా ఇళ్ళల్లో ఇంకా ఇండియన్ టాయిలెటే. వాళ్ళ ప్రశ్నల్లో ఇవి ఉండవు. ఆస్వెస్ట్రీ అనే స్కోరు చాలా చోట్ల వాడతారు, పది విభాగాలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తాన్ని వందకి మారుస్తారు, ఎక్కువొస్తే ఎక్కువ ఇబ్బంది. సుమారు 10 నుంచి 15 పాయింట్లు తగ్గితే మనిషికి తేడా తెలుస్తుంది అని లెక్క. మీరు ఆ పత్రం నింపించండి, దానికి కింద మీ సొంతంగా పీట మీద నుంచి లేవడం, టాయిలెట్, గుడి మెట్లు కూడా రాసుకోండి.

ఎవరు బాగా కోలుకుంటారు, ఎవరు తక్కువ అనేదాని మీద 2006లో ఫిన్లాండ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. ముందు నుంచీ కాస్తో కూస్తో నడవగలిగేవాళ్ళు, నా ఆరోగ్యం పర్లేదు అని తమకి తాము అనుకునేవాళ్ళు, వేరే జబ్బులు తక్కువున్నవాళ్ళు, వెన్ను మధ్యలో నరాల దారి బాగా ఇరుకైనవాళ్ళు బాగా కోలుకున్నారు. డిప్రెషన్, గుండె జబ్బు, నడకని దెబ్బతీసే ఇంకో సమస్య, పక్కకి వంగిన వెన్ను ఉన్నవాళ్ళు తక్కువ కోలుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో స్పోర్ట్ అనే పెద్ద ట్రయల్‌లో, బాధ మొదలై ఏడాది లోపే ఉన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ కాలం పడినవాళ్ళ కన్నా మెరుగ్గా కోలుకున్నట్టు కనిపించింది. అనకాపల్లి అమ్మగారి ఐదేళ్ళు చూడండి. సిగరెట్ తాగేవాళ్ళకి ఫలితం తక్కువ అని స్వీడన్ రిజిస్ట్రీలోనే తేలింది. లావుగా ఉన్నవాళ్ళకీ మేలు జరుగుతుంది గానీ కొంచెం తక్కువ.

అదే స్పోర్ట్‌లో 654 మంది స్టెనోసిస్ (అంటే ఇలా నరాల దారి ఇరుకైన) పేషెంట్లు ఉన్నారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మొదటి నాలుగేళ్ళు స్పష్టంగా బాగున్నారు, ఎనిమిదో ఏడుకొచ్చేసరికి చీటీ వేసినట్టు ఎవరికి ఏ చికిత్సో తేల్చిన గుంపులో ఆ తేడా తగ్గిపోయింది, తమకి తామే ఎంచుకున్న గుంపులో నిలబడింది. ఎనిమిదేళ్ళలో వందకి సుమారు 18 మందికి మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. ఆపరేషన్ వద్దన్నవాళ్ళు కూడా అందరూ మంచాన పడలేదు, కొంత మెరుగయ్యారు. డాక్టర్ గారు చెప్పే శాతం పక్కన ఎన్నేళ్ళకి అనే మాట కూడా ఉండాలి అందుకే.

స్క్రూల సంగతి, అంటే వెన్ను ఎముకల్ని కలిపి బిగించేయడం. 2016లో స్వీడన్‌లో 50 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 247 మందితో ట్రయల్ చేశారు, సగంమందికి ఒత్తిడి తీసేసి వదిలేశారు, సగంమందికి ఒత్తిడి తీసి ఎముకలు కలిపేశారు కూడా. రెండేళ్ళకీ, ఐదేళ్ళకీ తేడా రాలేదు. కలిపినవాళ్ళకి ఆపరేషన్ టైం, రక్తం పోవడం, ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు, ఖర్చు మాత్రం ఎక్కువయ్యాయి. 2021లో నార్వేలో ఒక ఎముక మీద ఇంకో ఎముక కొంచెం జారిన 267 మందిలో చేసినా ఒత్తిడి తీయడం ఒక్కటే కలపడం కన్నా తీసిపోలేదు. అలాగని స్క్రూలు ఎప్పుడూ అక్కర్లేదని కాదు, బాగా జారిపోయినా, వెన్ను బాగా వంగిపోయినా, ఆపరేషన్‌లో కీళ్ళు ఎక్కువ తీసేయాల్సొచ్చినా వేస్తారు. మీ నాన్నగారికి ముందుకీ వెనక్కీ వంగించి నిలబెట్టి తీసే ఎక్స్‌రే తీశారా? అందులో ఎముక కదులుతోందా? స్క్రూలు అన్న డాక్టర్‌ని ఇదే ప్రశ్న అడగండి, "మా నాన్నకి ఎందుకు" అని.

గాజువాక_అమ్మాయి:

ఇంత వివరంగా రాసినందుకు చేతులెత్తి దండం పెడుతున్నా అందరికీ. నాన్నని అడిగాను, కాలే అన్నారు, నడుం నొప్పి పెద్దగా లేదట. రాత్రి మంటలు కొంచెం ఉన్నాయట, ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ వంగించి తీసే ఎక్స్‌రే తీయలేదు, అడుగుతా. సుగర్ మూడు నెలల సగటు చేయించాం, 8.4 వచ్చింది.

డిప్రెషన్ అని రాశారు కదా, అది చదివి ఆగిపోయాను. ఆపరేషన్‌కీ దానికీ ఏం సంబంధం? నొప్పి ఉంటే ఎవరైనా దిగులుగానే ఉంటారు కదా.

మద్దిలపాలెం_గృహిణి:

తల్లీ, దీనికి నేను చెప్తాను. మావారికి మూడేళ్ళ కింద చేయించాం. ఆపరేషన్ చేసినాయన ఎంత బాగా చేశారంటే తర్వాత తీసిన ఎమ్మారై ఇంకో డాక్టర్‌కి చూపిస్తే ఆయనే మెచ్చుకున్నారు. మావారు మాత్రం మంచం దిగలేదు. నడవండి అంటే నొప్పి, లేవండి అంటే రేపు. ఫిజియో అబ్బాయి వస్తే కళ్ళు మూసుకుని పడుకునేవారు. నేను బద్ధకం అనుకున్నాను, కేకలేశాను, ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆపరేషన్‌కి ఏడాది ముందు నుంచే ఆయన పేపర్ చదవడం మానేశారు, ఫోన్ వస్తే ఎత్తరు, బీచ్‌కి వాకింగ్‌కి వచ్చే స్నేహితులు ఇంటికొస్తే లేనని చెప్పమనేవారు. కాలు నొప్పి వల్ల అనుకున్నాం అందరం. నాలుగు నెలల తర్వాత మా చిన్నాడు పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. మందు మొదలెట్టిన రెండు నెలలకి ఆయనంతట ఆయనే చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళారు. ఆ రోజు నాకు ఇంకా గుర్తు, పాలవాడు కూడా ఆగిపోయి చూశాడు.

మీ నాన్నగారు గిరి ప్రదక్షిణ మాటే ఎత్తట్లేదు అని రాశావు చూడు, నాకు గుచ్చుకుంది ఆ ముక్క. ఊరికే అనకు, అడుగు.

లెక్కల_సీతమ్మధార:

ఆంటీ గారు రాసిన దాని పక్కన నేను ఒక్క ముక్క కలుపుతాను. ఫిన్లాండ్‌లోనే కుయోపియో అనే ఊళ్ళో ఇదే ఆపరేషన్ పేషెంట్లని ఏళ్ళ తరబడి చూశారు. ముందు నుంచీ డిప్రెషన్ లక్షణాలున్నవాళ్ళు నొప్పిలోనూ నడకలోనూ తక్కువ కోలుకున్నారు. అయితే వాళ్ళల్లో ఆ దిగులు నుంచి బయటపడినవాళ్ళు మాత్రం మిగతావాళ్ళతో సమానంగా కోలుకున్నారు. వయసు మార్చలేం, ఎన్నేళ్ళు నొక్కుకుపోయిందో మార్చలేం, ఈ దిగులు, సుగర్, సిగరెట్, ఈ మూడూ మాత్రం ఆపరేషన్ డేట్ లోపు మన చేతుల్లో ఉంటాయి.

గాజువాక_అమ్మాయి:

ఆంటీ గారూ, నిన్న రాత్రి డాబా మీద కూర్చుని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నలుగురికీ బరువైపోయానమ్మా, బాగవుతానని నాకైతే నమ్మకం లేదు" అన్నారు. నిద్ర కూడా మూడింటికే మెలకువ వచ్చేస్తుందట, ఎన్నాళ్ళ నుంచి నాన్నా అంటే ఉద్యోగం అయిపోయిన కొత్తలో నుంచి అన్నారు. అంటే కాలి నొప్పి రాకముందు నుంచీ. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలీలేదు.

ఎక్స్‌రే తీయించాం, ఎముక కదలట్లేదట. పాదాల్లో నాడి బాగానే ఉందన్నారు. మొదటి డాక్టర్ గారినే మళ్ళీ కలిశాం, నోట్‌బుక్ చూపించాను, సగటున ఆరు నిమిషాలు నడిచి కూర్చుంటున్నారు. ఆయన ఆ పేజీలన్నీ తిప్పి తిప్పి చూశారు. ఈసారి శాతాలు చెప్పలేదు, "కాలు లాగడం తగ్గే అవకాశం బాగా ఉంది, అరగంట నడక మీద ఆశ పెట్టుకోవచ్చు, వేళ్ళ మొద్దు గురించి మాట ఇవ్వను, రాత్రి మంటలు దీనివి కావు" అన్నారు. నాకు ఇదే కావాల్సింది. నరం చుట్టూ ఉండే పొర చిరగడం గురించి, ఇన్ఫెక్షన్ గురించి కూడా చెప్పారు. సుగర్ ఇంకా దింపుకుని రండి, మనసు డాక్టర్‌ని కలిసి రండి, ఆరు వారాలు ఆగుదాం, కొంప మునిగిపోయేదేం లేదు అన్నారు.

నడక_ఫిజియో:

మంచి పని చేశారండి. ఆ ఆరు వారాలూ ఖాళీగా ఉంచకండి, సైకిల్ తొక్కగలరు కదా, రోజూ ఇరవై నిమిషాలు తొక్కించండి, తొడల బలం ఉంటే ఆపరేషన్ తర్వాత మంచం మీద నుంచి లేవడం సులువు. పక్కకి దొర్లి చెయ్యి ఆనించి లేవడం ఇప్పుడే అలవాటు చేయండి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే పైన పెట్టే కమోడ్ కుర్చీ తెచ్చి పెట్టుకోండి. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు వంగడం, బరువులెత్తడం, నడుం మెలితిప్పడం ఉండకూడదు, బిందె, గ్యాస్ సిలిండర్ జోలికి అసలు వెళ్ళనివ్వకండి.

గాజువాక_అమ్మాయి:

చాలా నెలల తర్వాత వస్తున్నా, క్షమించండి. ఆపరేషన్ అయ్యి ఏడు నెలలైంది. సుగర్ 7.1కి దిగాక చేశారు, స్క్రూలు లేవు. నోట్‌బుక్ ఇప్పటికీ రాస్తున్నాం. మొదటి వారం ఎనిమిది నిమిషాలు, అప్పుడు అమ్మ ఏడ్చేసింది, ఇంతేనా అని. ఆరో వారానికి పద్దెనిమిది, మూడో నెలకి ముప్ఫై ఐదు, ఇప్పుడు కూర్చోకుండా యాభై నిమిషాలు నడుస్తున్నారు. ఎడమ బొటనవేలు, పక్క వేలు మొద్దుగానే ఉన్నాయి, డాక్టర్ గారు చెప్పినట్టే. మంటలకి వేరే మందు వాడుతున్నారు. మనసు మందు ఇంకా నడుస్తోంది, నిద్ర ఐదింటి దాకా పడుతోంది. మా పక్కింటాయన కర్ర సంగతి కూడా తెలిసింది, ఆయనకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయట, కర్ర దానికట, ఇన్నాళ్ళూ మేం ఆయన్ని అడగనే లేదు.

ఆషాఢ పౌర్ణమి దగ్గరకొస్తోంది. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతానంటున్నారు. ఫిజియో గారూ, ముప్ఫై రెండు కిలోమీటర్లు ఈసారి నడవొచ్చా? మీరు చెప్తే వింటారు, మా మాట వినట్లేదు.

నడక_ఫిజియో:

యాభై నిమిషాలు చదివి చాలా సంతోషమేసిందండి. ముప్ఫై రెండు కిలోమీటర్లంటే ఆయన నడకతో తొమ్మిది పది గంటలు, యాభై నిమిషాల నుంచి ఒక్కసారిగా దానికి వెళ్ళనివ్వను. పైగా వేళ్ళు మొద్దు, సుగర్, చెప్పుల్లేకుండా తార్రోడ్డు, గులకరాయి గుచ్చుకున్నా తెలీదు, పుండు పడితే అది నడుం కన్నా పెద్ద సమస్య. చెప్పుల్లేకుండా మాత్రం ఈ ఏడే కాదు, ఎప్పుడూ వద్దు. గిరి చుట్టూ తిరగలేనివాళ్ళు కొండ మీద గుడి చుట్టూ ప్రదక్షిణ చేసుకుంటారు కదా, ఈసారికి అది చేయించండి, బస్సులో పైకి తీసుకెళ్ళి. వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచి వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్దాం, నోట్‌బుక్ ఆపకండి.

గాజువాక_అమ్మాయి:

చదివి వినిపించాను. "గుడి చుట్టూ ఎన్ని చుట్లు తిరగొచ్చో అడుగు" అంటున్నారు.